కుందేలుకు బొచ్చు ఊడితే: ఆగి చూడాలా, ఇల్లు మార్చాలా, మందు వేయాలా?

దట్టమైన బొచ్చులో ఒక ఉదయం గోరంత బోడి మచ్చ కనిపిస్తే కుందేలును పెంచేవారికి కాళ్లూ చేతులూ ఆడవు. ఆ కంగారులో ముందుగా చేసేది ఇంట్లో ఉన్న ఏదో ఒక మందు పూయడం. నేనూ అదే చేశాను. మా ఆడ కుందేలుకు గడ్డం కింద, గంగడోలు మీద బొచ్చు పోయి గులాబీ రంగు చర్మం బయటపడింది. తామర అనుకుని రెండు పూటలా క్రీము రాశాను. మర్నాటి సాయంత్రం చూస్తే అది ఎండుగడ్డిని నోట్లో అడ్డంగా కరుచుకుని, మూతికి రెండు వైపులా మీసాల్లా వేలాడుతుండగా పంజరం మూలకు మోసుకుపోతోంది. అక్కడ తన బొచ్చునే పరిచి మెత్తటి గూడు కట్టుకుంటోంది. దానికి చర్మవ్యాధి ఏదీ లేదు. కడుపుతో ఉన్నానని దాని శరీరం పొరబడింది. నేను రాసిన క్రీమును మాత్రం అది నాకి నాకి మింగేసింది.

అప్పటి నుంచి ఒక మాట గట్టిగా నమ్ముతున్నాను. మందు ఏదని అడిగే ముందు ఆ మచ్చ ఎలా ఏర్పడిందో తేల్చుకోవాలి. బొచ్చు దానంతట అదే ఊడిందా, మధ్యలో కొరికారా, కుదుళ్లతో సహా పీకేశారా? దీనికి జవాబు దొరికితే ఆగి చూడడమా, కుందేలు ఉండే చోటును మార్చడమా, డాక్టర్ దగ్గరకు వెళ్లడమా అన్నది సగం తేలిపోతుంది.

ముందు మచ్చను చదవండి

పగటి వెలుతురులో ఒళ్లో తువ్వాలు పరిచి కుందేలును మామూలుగా కూర్చోబెట్టుకోండి. వెల్లకిలా తిప్పితే కదలకుండా పడి ఉంటుంది గానీ అది హాయితో కాదు, భయంతో కొయ్యబారిపోవడం. మచ్చ అంచు దగ్గర బొటనవేలిని బొచ్చుకు ఎదురుగా నడపండి. కొరికిన చోట పొట్టి వెంట్రుకలు కోసిన చేనులో మోళ్లలా గరుకుగా తగులుతాయి. ఊడిన చోట చర్మం నున్నగా ఉంటుంది, లేదా సన్నటి కొత్త బొచ్చు పట్టులా తగులుతుంది. తర్వాత చర్మం మీద పొలుసులు, పక్కులు, ఎరుపు, తడి, వాసన ఉన్నాయేమో చూడండి. చివరగా మచ్చ ఒంట్లో ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. కుందేళ్ల విషయంలో ఆ చోటే చాలా చెబుతుంది.

మరో చిన్న పని కూడా చేయండి. నల్ల కాగితం పరిచి, దాని మీదుగా కుందేలు వీపును పేలదువ్వెనతో దువ్వండి. రాలిన తెల్లటి పొట్టును కదపకుండా రెండు నిమిషాలు చూడండి. చుండ్రు లాంటి ఆ పొట్టులో ఒకటి రెండు రేణువులు మెల్లగా పాకడం కనిపిస్తే అవి పొలుసులు కావు, బొచ్చులో బతికే మైట్లు అనే అతి చిన్న పురుగులు. ఏమీ కదలనంత మాత్రాన అవి లేవని మాత్రం అనుకోవద్దు.

ఆగి చూడవలసినవి

కుందేళ్లు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు భారీగా, మధ్యలో కొద్దికొద్దిగా బొచ్చు రాలుస్తాయి. నాలుగైదు నెలల వయసులో పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వస్తుంది. కొన్నింటికి ఈ మార్పు తల దగ్గర మొదలై వెనక్కి ఒక గీతలా జరుగుతుంది. కొన్నింటికి డొక్కల మీద, తోక పైన గుత్తులు గుత్తులుగా ఊడి చర్మం కనిపిస్తుంది. చర్మం శుభ్రంగా ఉండి, దురద లేక, తిండి తగ్గకపోతే రెండు మూడు వారాలు ఆగడమే సరైన ఎంపిక. మచ్చలో చర్మం ముదురు రంగులో, కాస్త మందంగా కనిపించినా బెదిరిపోవద్దు. కొత్త బొచ్చు వేగంగా మొలిచే చోట చర్మం అలాగే మారుతుంది.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. కుందేలు వాంతి చేసుకోలేదు. నాకిన బొచ్చంతా పేగుల గుండానే బయటికి పోవాలి. కాబట్టి ఈ రోజుల్లో ఎండుగడ్డి, నీళ్లు ఎప్పటికన్నా ఎక్కువ అవసరం, రోజూ దువ్వడమూ అవసరమే. దువ్వెనల్లో నేను మెత్తటి రబ్బరు బ్రష్షునే ఎంచుకుంటాను. సన్నటి తీగల బ్రష్షు ఎక్కువ బొచ్చు లాగుతుంది, కానీ కుందేలు చర్మం పల్చన కాబట్టి దాని మొనలు గీరుకుపోతాయి. బ్లేడు ఉన్న పరికరాలు ఊడాల్సిన బొచ్చుతో పాటు ఉండాల్సిన దాన్నీ కోసేస్తాయి. ఏ బ్రష్షూ పడని కుందేలుకు తడి చేత్తో నిమరడం చాలు. చిక్కుపడిన ఉండలను కత్తెరతో కోయకండి. ఉండతో పాటు చర్మమూ పైకి లేచి తెగుతుంది. వేళ్లతో కొంచెం కొంచెంగా విడదీయడమే మార్గం.

మైట్లా, తామరా?

ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే. రెండింటిలోనూ బొచ్చు ఊడుతుంది, పొలుసులు ఉంటాయి, రెండూ మనుషులకు అంటుకుంటాయి. కానీ చికిత్సలు పూర్తిగా వేరు.

బొచ్చులో ఉండే మైట్లలో ప్రధానమైనది షైలెటియెల్లా. కుందేలు నోరు అందని చోట్లు, అంటే మెడ వెనుక, భుజాల మధ్య, తోక పైన, దానికి ఇష్టం. అక్కడ చుండ్రు పేరుకుంటుంది, బొచ్చు పలచబడుతుంది, లాగితే కుచ్చులుగా ఊడి వస్తుంది. దురద కొన్నింటికి బాగా ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు. ఎత్తుకునేవారి ముంజేతుల మీద, పొట్ట మీద చిన్న చిన్న ఎర్రటి దద్దుర్లు రావడం బలమైన ఆధారం. ఆరోగ్యంగా ఉన్న కుందేలు తనను తాను నాక్కుని మైట్లను అదుపులో ఉంచుకుంటుంది. లావెక్కి ఒళ్లు తిప్పలేకపోయినా, కీళ్లు నొప్పిపెట్టినా, పళ్లు సరిగా లేకపోయినా ఆ పని సాగదు. అందుకే మైట్లు పోయాక కూడా అవి ఎందుకు చేరాయన్న ప్రశ్నను వదలకూడదు.

తామర దారి వేరు. ముఖం, చెవులు, పాదాల దగ్గర గుండ్రటి, పొడి మచ్చలుగా మొదలవుతుంది. అంచుల్లో పక్కు కడుతుంది, వెంట్రుకలు కుదుళ్ల దగ్గర పెళుసుగా విరుగుతాయి. కుందేళ్లలో దీనికి ఎక్కువగా కారణమయ్యే శిలీంధ్రం ట్రైకోఫైటన్ మెంటాగ్రోఫైట్స్. ఈ పేరు గుర్తుంచుకోవలసిన అవసరం ఒకందుకు ఉంది. అతినీలలోహిత దీపం కింద పెట్టి చూసి 'మెరవలేదు, తామర కాదు' అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ శిలీంధ్రం ఆ దీపం కింద మెరవదు. వెంట్రుకలు, పొలుసులు తీసి ప్రయోగశాలలో పెంచే కల్చర్ పరీక్షే నికరమైనది. దాని ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. మైట్ల కోసమైతే టేపు అంటించి తీసి సూక్ష్మదర్శినిలో చూడడం, చర్మం గీరి చూడడం చాలు, జవాబు అప్పుడే వస్తుంది. రెండు అనుమానాలూ ఉన్నప్పుడు రెండు పరీక్షలూ ఒకేరోజు చేయించడం మేలు.

చెవి లోపల గోధుమ రంగు పక్కు పొరలు పొరలుగా పేరుకుంటే అవి చెవి మైట్లు. ఆ పక్కును దూదితో గానీ, గోరుతో గానీ తీయకండి. కింద చర్మం పచ్చిపుండులా ఉంటుంది, కుందేలు నొప్పికి అల్లాడిపోతుంది. మందు పడితే కొద్ది రోజుల్లో దానంతట అదే రాలిపోతుంది. ముక్కు, పెదవులు, గోళ్ల చుట్టూ పక్కులు కట్టి విపరీతంగా గోక్కుంటుంటే గజ్జి పురుగు అయి ఉండవచ్చు. ముక్కుతో పాటు జననాంగాల దగ్గర కూడా పక్కులు ఉంటే అది కుందేళ్ల సిఫిలిస్ కావచ్చు. ఇది మనుషులకు అంటదు. పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు లొంగుతుంది. ఇంజెక్షన్‌కే సుమా, నోటి మందుకు కాదు. దాని కారణం కింద చెబుతాను.

మందుల్లో ఏది?

మైట్లకు మూడు రకాల మందులు ఎదురవుతాయి: మెడ వెనుక చర్మం మీద వేసే చుక్కల మందు, ఇంజెక్షన్, పొడులు లేదా షాంపూలు. నా ఓటు చుక్కల మందుకు, అందులోనూ సెలామెక్టిన్‌కు. నొప్పి ఉండదు, నాకలేని చోట వేస్తాం, చర్మం నుంచి ఒంట్లోకి వెళ్లి పనిచేస్తుంది. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షనూ బాగానే పనిచేస్తుంది. అయితే అది గుడ్లను చంపదు కాబట్టి సుమారు రెండు వారాల తేడాతో రెండు మూడుసార్లు వేయించాలి. చుక్కల మందునూ డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ వేయాల్సిందే. మొదటి విడతకే దురద తగ్గిందని ఆపేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. పెద్ద పశువుల కోసం తయారైన ఐవర్‌మెక్టిన్ చాలా గాఢంగా ఉంటుంది, చిన్న కుందేలుకు కావలసింది అందులో చుక్కలో భాగం. దాన్ని ఇంట్లో కొలిచి వేయడం ప్రాణంతో ఆట. పొడులను కుందేలు పీల్చుకుంటుంది, నాకేస్తుంది. షాంపూ స్నానమైతే ఒళ్లు త్వరగా ఆరదు, చలికి, భయానికి కుందేలు కుప్పకూలిపోవచ్చు. ఈ రెండింటినీ పక్కన పెట్టండి. మందు ఏదైనా ఇంట్లోని కుందేళ్లన్నింటికీ ఒకేసారి వేయించాలి. పిల్లి, కుక్క ఉంటే వాటినీ చూపించాలి. కుందేలు ఒంటి మీద లేకపోయినా ఈ మైట్లు కొన్ని రోజులు బతకగలవు, కాబట్టి పరుపులు, గుడ్డలు ఉతకాలి.

తామరకు ఒకటి రెండు చిన్న మచ్చలే ఉంటే మైకొనజోల్, క్లోట్రిమజోల్ వంటి పైపూత చాలవచ్చు. మచ్చలు ఎక్కువైనా, ఇంట్లో మరొకరికి అంటుకున్నా నోటి మందు తప్పదు. పైపూతలో ఒక ప్రమాదం దాగి ఉంది. తామర కోసమని అమ్మే కొన్ని మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గి నయమైనట్టే కనిపిస్తుంది, లోపల శిలీంధ్రం మాత్రం పెరుగుతూ ఉంటుంది. పైగా కుందేళ్లు స్టెరాయిడ్లను ఏమాత్రం తట్టుకోలేవు. గొట్టం మీద రాసి ఉన్న మందుల పేర్లు చదవకుండా ఏదీ రాయకండి. బొచ్చు వచ్చేసిందని మందు ఆపడం కూడా తొందరపాటే. కల్చర్‌లో ఏమీ పెరగలేదని తేలేవరకు కొనసాగించాలి. తామర బీజాలు నెలల తరబడి ఇంట్లో ఉండిపోతాయి. పంజరాన్ని పలచటి బ్లీచింగ్ ద్రావణంతో కడగడం మంచిదే, కానీ ముందుగా మూత్రపు మరకలను మామూలు నీళ్లతో పూర్తిగా కడిగేయాలి. మూత్రంలోని అమ్మోనియాతో బ్లీచింగ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఆరాకే కుందేలును లోపలికి వదలాలి.

ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడనివి. కుక్కలకు, పిల్లులకు ఒంటి మీది చిన్న పురుగులు, గోమార్ల కోసం వేసే ఫిప్రోనిల్ కుందేళ్లకు విషం. దానితో మూర్ఛలు వచ్చి చనిపోతాయి. ఆ రెండు జంతువులు కూడా ఉన్న ఇంట్లో ఈ పొరపాటు చాలా సులభంగా జరుగుతుంది. పురుగులను చంపే మెడపట్టీలూ వద్దు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లను నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి విషం పుట్టించేవి పెరుగుతాయి. పసిపిల్లలకు ఇచ్చే తియ్యటి మందే కదా అని వేస్తే కుందేలు ప్రాణం పోవచ్చు. డాక్టర్‌ను ఎంచుకునేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఇదే: కుందేలుకు నోటి ద్వారా ఇవ్వకూడని యాంటీబయాటిక్‌లు ఏవి? తడుముకోకుండా చెప్పే డాక్టర్ చేతిలో నిశ్చింతగా పెట్టవచ్చు.

మందు అక్కరలేని మచ్చలు

వేలికి మోళ్లు తగిలి, చర్మం బాగుంటే అది కొరుకుడు. ఎవరు కొరికారన్నది చోటును బట్టి తెలుస్తుంది. ముందుకాళ్లు, ఛాతీ, డొక్కలు అయితే తానే కొరుక్కుంటోంది. తల మీద, మెడ మీద అయితే తోడుగా ఉన్న కుందేలు పని, ఎందుకంటే అక్కడికి సొంత నోరు చేరదు. తనను తాను కొరుక్కునేది చాలాసార్లు విసుగుతోనో, గడ్డి చాలకనో చేస్తుంది. ఇక్కడ ఎండుగడ్డి పెంచడమే మొదటి చికిత్స. కుందేలు తిండిలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి. రోజుకు దాని ఒంటంత పరిమాణంలో వేయడం మంచి కొలత. దాణా గుళికలతోనే కడుపు నిండితే నోటికి పనిలేక అది బొచ్చు మీద పడుతుంది. రెండు వారాల్లో మార్పు లేకపోతే ఆ కొరికే చోట లోపల నొప్పి ఉందేమో చూపించాలి. కొరకకుండా మెడకు గరాటు లాంటి గొట్టం తొడిగించడం నాకు ఇష్టం లేదు. కుందేలు తన మెత్తటి పెంటికలను తిరిగి తినాలి, అది దాని పోషణలో భాగం. మెడకు గొట్టం ఉంటే నోరు అక్కడికి అందదు.

తోటి కుందేలు కొరుకుతుంటే వెంటనే విడదీయాలనిపిస్తుంది. గాయాలు ఉంటే విడదీయాల్సిందే. బొచ్చు మాత్రమే పోతుంటే ముందు చోటు పెంచండి, గడ్డి రెండు చోట్ల పెట్టండి, దాక్కునేందుకు రెండు దారులున్న పెట్టెలు ఉంచండి. తప్పనిసరై విడదీసినా జాలీకి అటూ ఇటూ పక్కపక్కనే ఉంచాలి. పూర్తిగా దూరం చేస్తే అవి ఒకదాన్నొకటి మరిచిపోయి, మళ్లీ కలిపినప్పుడు పోట్లాడుకుంటాయి. ఒంటరి కుందేలు విసుగుకు విరుగుడుగా కొత్త కుందేలును తెచ్చి నేరుగా పంజరంలో వదలడం అన్నింటికన్నా చెడ్డ ఎంపిక.

గంగడోలు, పొట్ట మీద ఆడ కుందేలు తానే పీక్కుంటూ గూడు కడుతుంటే రెండే అవకాశాలు. మగదానితో కలిసి ఉంటే నిజమైన చూలు కావచ్చు. కుందేలు సుమారు 31 రోజులకు ఈనుతుంది, ఆ ముందు రోజుల్లో బొచ్చు పీకుతుంది. కలవకపోతే ఉత్తుత్తి చూలు, అది 16 నుంచి 18 రోజుల్లో సర్దుకుంటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా తేడా పోల్చుకోవడంలో పొరపాట్లు ఎక్కువ కాబట్టి 'రెండూ ఆడవే' అన్న మాటను మరోసారి సరిచూసుకోండి. ఆ గూడును మాత్రం తీసేయకండి. తీస్తే మళ్లీ పీక్కుని మళ్లీ కడుతుంది. మాటిమాటికీ ఇలా అవుతుంటే గర్భసంచి తీయించడమే మంచిదని నా అభిప్రాయం. ఆపరేషన్ చేయని ఆడ కుందేళ్లలో వయసు పెరిగే కొద్దీ గర్భసంచి కేన్సర్ చాలా ఎక్కువ కాబట్టి, ఈ నిర్ణయం బొచ్చు కోసం మాత్రమే కాదు. ఆపరేషన్‌కు ముందు కుందేలును పస్తు పెట్టకూడదని కూడా గుర్తుంచుకోండి.

తడి ఉన్న మచ్చ

పొడి మచ్చకు సమయం ఇవ్వవచ్చు, తడి మచ్చకు ఇవ్వకూడదు. కంటి కింద బొచ్చు తడిసి ఊడుతుంటే కన్నీటి నాళం మూసుకుపోయి ఉండవచ్చు, దాని వెనుక పెరిగిన పంటి వేరు ఉండవచ్చు. గడ్డం తడిగా ఉంటే చొంగ కారుతోందేమో, అంటే మళ్లీ పళ్లేనేమో చూడాలి. లావుగా వేలాడే గంగడోలు నీళ్ల గిన్నెలో మునిగి నానుతుంటే గిన్నె మార్చితే సరిపోతుంది. వెనుక భాగం మూత్రంతో నానిపోతుంటే స్థూలకాయం, కీళ్లనొప్పి, మూత్రాశయంలో సున్నం వంటివి కారణం కావచ్చు.

వెనుక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు వాలి గుడ్లు పెడతాయి. ఒక రోజులోపే పురుగులు పుట్టి బతికి ఉన్న మాంసాన్ని తింటాయి. బియ్యపు నూకల్లాంటి గుడ్ల గుత్తి గానీ, ఒక్క పురుగు గానీ కనిపిస్తే రేపు చూద్దామనుకోవద్దు, అర్ధరాత్రి అయినా బయలుదేరండి. మచ్చ ఎంత చిన్నదైనా సరే, కుందేలు 12 గంటలుగా తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అంతే అత్యవసరం.

ముసలి కుందేలుకు ఒళ్లంతా పెద్ద పెద్ద పొడి పొలుసులు లేచి, దురద లేక, మైట్ల మందుకు లొంగకపోతే చర్మపు ముక్క తీసి పరీక్షించమని అడగండి. చర్మంలోని నూనె గ్రంథుల వ్యాధి, ఛాతీలోని థైమస్ గ్రంథిలో కణితి వంటివి అరుదుగా ఇలాగే బయటపడతాయి.

మడమలు

కుందేలు పాదానికి పిల్లికి, కుక్కకు ఉన్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చే మెత్త. అది అరిగి వెనుక మడమ మీద గోరంత చర్మం కనిపిస్తే దాన్ని నేల అరగదీస్తోందన్న మాట. పొట్టి, పల్చటి బొచ్చున్న రెక్స్ జాతికి ఇది మరీ త్వరగా వస్తుంది. తీగల అడుగున్న పంజరం అన్నింటికన్నా చెడ్డది. నున్నటి గచ్చు మీద కాళ్లు జారి బరువంతా మడమ మీద పడుతుంది. గరుకు తివాచీ రాపిడి పెడుతుంది, తడిసిందంటే మరీ ప్రమాదం. వీటన్నింటి కన్నా గట్టి నేల మీద మందంగా పరిచిన ఎండుగడ్డి, లేదా రోజూ మార్చి ఉతికే మెత్తటి గుడ్డ మేలు. అడుగు పొడిగా ఉండడం ఎంత ముఖ్యమో గోళ్లు కత్తిరించడమూ, బరువు తగ్గించడమూ అంతే ముఖ్యం. గోళ్లు పెరిగితే వేళ్లు పైకి లేచి బరువు మడమకు మారుతుంది. చర్మం పగలనంతవరకు ఈ మార్పులు చాలు. ఎర్రబడి వాచినా, పుండు పడినా ఎముక దాకా పోయే అవకాశం ఉంది కాబట్టి నొప్పి తగ్గే మందుతో సహా చికిత్స కావాలి.

ఏ మచ్చకైనా మొదటి రోజే పక్కన ఒక నాణెం పెట్టి ఫోనులో ఫొటో తీసి ఉంచండి, వారానికొకటి అలాగే తీయండి. కారణం తొలగాక చాలా చోట్ల కొన్ని వారాల్లో బొచ్చు నిండుతుంది. బొచ్చు పెరిగే దశను బట్టి, పరీక్ష కోసం గొరిగిన చోట ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. మడమ మీద మాత్రం ఒకసారి పూర్తిగా అరిగిన బొచ్చు మళ్లీ రాకపోవచ్చు. అలాంటి కుందేలుకు మెత్తటి, పొడి పరుపు జీవితాంతం ఉండాల్సిందే.